గేటు మీద పేరు, కాగితం మీద పేరు

(దేవనహళ్ళిలో మిల్లు, గార్మెంటు, మగ్గం కార్మికుల కుటుంబాల కోసం జరిగిన సమావేశంలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరిక మేరకు ప్రచురిస్తున్నాము.)



మన సమావేశాల్లో మామూలుగా కరువు భత్యం గురించి, బోనసు గురించి, పెరుగుతున్న పనిభారం గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు మన పిల్లల మొదటి ఉద్యోగం గురించి మాట్లాడదలిచాము. డిప్లొమా, బి.కాం., బి.ఎస్.సి., ఇంజనీరింగు చదివి ఇంట్లో ఉన్న పిల్లల సంగతి యూనియన్‌కు ఎందుకని కొందరు అడిగారు. మగ్గం ముందు, మిషను ముందు నిలబడి సంపాదించిన డబ్బుతోనే ఆ చదువులు సాగాయి. ఆ చదువు తక్కువ ధరకు అమ్ముడుపోతే నష్టపోయేది మన శ్రమే. కాబట్టి ఇది యూనియన్ పనే.

ముందుగా మన చుట్టూ వచ్చిన మార్పు చూద్దాం. ఒకప్పుడు దేవనహళ్ళి అంటే చకోత పండు, ద్రాక్ష తోటలు, మల్బరీ చేలు, పక్కనే విజయపుర పట్టుగూళ్ళ మార్కెట్టు. 2008 మే 24న ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. తర్వాత ఏరోస్పేస్ పార్కు వచ్చింది. 2024 జనవరిలో బోయింగ్ సంస్థ ఇంజనీరింగు కేంద్రం ప్రారంభమైంది. 2025లో ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఐఫోన్ల తయారీ మొదలైంది. హిందూపురం నుంచి, బాగేపల్లి నుంచి, చిక్కబళ్ళాపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనవాళ్ళ పిల్లలు రోజూ ఈ గేట్ల ముందు నుంచే బస్సుల్లో వెళ్తున్నారు. గేటు కళ్ళ ముందే ఉంది. లోపలికి వెళ్ళే దారి ఏదో, లోపల మనకు యజమాని ఎవరో మాత్రం తెలియడం లేదు.

పాత కాలంలో మిల్లులో ఉద్యోగం ఎలా దొరికేది? తండ్రి ఒక షెడ్డులో పనిచేస్తుంటే కొడుకు బదిలీ కార్మికుడిగా చేరేవాడు. కొన్నేళ్ళకు పర్మనెంటు అయ్యేవాడు. ఆ దారి మూసుకుపోయింది. బెంగుళూరు మల్లేశ్వరంలో రాజా మిల్లు ఉన్న స్థలంలో 2010లో మంత్రి మాల్ తెరిచారు. తాతలు నూలు వడికిన చోట మనవలు బిల్లు కౌంటర్ల దగ్గర పనిచేస్తున్నారు. బిన్నీ మిల్లు సైరను వినిపించడం మానేసి చాలా కాలమైంది.

అయితే ఆ పాత కాలంలో అంతా మంచే ఉండేదని మేము అనడం లేదు. మిల్లులోకి మనిషిని తీసుకునే అధికారం జాబరు చేతిలో, మేస్త్రీ చేతిలో ఉండేది. చేరేటప్పుడు వాడికి మామూలు ఇవ్వాలి. చేరిన తర్వాత కూడా వాడి దయ మీదే బ్రతకాలి. విట్లీ అధ్యక్షతన 1929లో నియమించిన రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలోనే జాబర్ల లంచాల గురించి రాసి, మనుషులను తీసుకునే పని వాళ్ళ చేతి నుంచి తప్పించి లేబర్ ఆఫీసర్లకు అప్పగించాలని చెప్పింది. కార్మిక సంఘాలు దశాబ్దాలు పోరాడితే తప్ప ఆ పద్ధతి తగ్గలేదు.

మిత్రులారా, ఆ జాబరు మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఐడీ కార్డు తగిలించుకుని, కన్సల్టెన్సీ అనో మ్యాన్‌పవర్ ఏజెన్సీ అనో బోర్డు పెట్టుకున్నాడు. అన్ని ఏజెన్సీలూ మోసం చేస్తాయని కాదు. చట్టప్రకారం నడిచేవి ఉన్నాయి. కానీ మన పిల్లవాడు ఒక పెద్ద కంపెనీ గేటు చూసి చేరతాడు, చేతికి వచ్చే కాగితం మీద వేరే పేరు ఉంటుంది. ఈ తేడా తెలియకపోవడం వల్ల ఏమవుతుందో మన పక్క జిల్లాలోనే చూశాం.

కోలారు జిల్లా నరసాపురలో విస్ట్రాన్ కంపెనీ ఐఫోన్ కర్మాగారం ఉండేది. అక్కడ ఎక్కువ మంది ఏజెన్సీల ద్వారా చేరినవారే. నెలకు 21 వేలని చెప్పి చేర్చుకున్న ఇంజనీరింగు పట్టభద్రులకు 16 వేలు, ఆ తర్వాత 12 వేలే వచ్చాయని అప్పట్లో పత్రికలు రాశాయి. 2020 డిసెంబరు 12 ఉదయం షిఫ్టు మారే వేళ అక్కడ పెద్ద విధ్వంసం జరిగింది. తర్వాత కర్మాగారాల శాఖ విచారిస్తే 5 వేల మందికి అనుమతి ఉన్నచోట 10,500 మంది పనిచేస్తున్నారని, హాజరు లెక్కలు సరిగా లేవని తేలింది. కొందరికి జీతం సరిగా, సమయానికి అందలేదని కంపెనీయే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆ కర్మాగారం 2023లో టాటాల చేతికి వెళ్ళింది. కానీ ఆనాడు అరెస్టయి కేసుల్లో ఇరుక్కున్నవారిలో మొదటి ఉద్యోగంలో ఉన్న కుర్రవాళ్ళు ఉన్నారు. ఆస్తి ధ్వంసం చేయడం మన పద్ధతి కాదు. ఆ కోపం అక్కడిదాకా రాకముందే, చేరే రోజునే అడగవలసినవి అడగాలి. చేరే రోజున అడిగేవారు, అడిగినదాన్ని కాగితం మీద పెట్టించేవారు ఉంటే తర్వాతి నెలలో దానికోసం నిలబడడం సులభమవుతుంది.

అడగవలసినవి నాలుగు ప్రశ్నలు. మొదటిది, నా యజమాని ఎవరు? అపాయింట్‌మెంట్ లెటర్ ఏ సంస్థ పేరు మీద వస్తుంది? రెండోది, అన్ని కోతలూ పోగా నెలకు చేతికి వచ్చేది ఎంత? మూడోది, ఇది శిక్షణా, ప్రొబేషనా, కాలపరిమితి ఉన్న ఉద్యోగమా, పర్మనెంటా? నాలుగోది, మధ్యలో మానేస్తే నేను ఏమైనా కట్టాలా?

మొదటి ప్రశ్న గురించి. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో కార్మికులకు నష్టం చేసేవి ఏవో మనం సభల్లో చెబుతూనే ఉన్నాం, వాటిని వ్యతిరేకిస్తూనే ఉంటాం. అయితే వాటిలో మన చేతికి ఆయుధంగా పనికొచ్చే అంశాలను వదులుకోకూడదు. ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి. కాలపరిమితి ఉద్యోగికి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. ఉద్యోగం మానినా, తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ జీతం చెల్లించాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యాజమాన్యం చెల్లించాలనే నియమం 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలోనూ ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. అయితే ఇవేవీ కాగితం లేనివాడికి ఉపయోగపడవు. లెటరు, నెలనెలా పే స్లిప్పు, పి.ఎఫ్. నంబరు, హాజరు వివరాలు ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపి పెట్టుకోండి.

రెండో ప్రశ్న జీతం. మన పిల్లలకు ఏడాదికి మూడు లక్షల సి.టి.సి. అని చెబుతారు. నెలకు 25 వేలు వస్తాయని ఇంటిల్లిపాదీ లెక్క వేసుకుంటాం. ఒక ఉదాహరణ చూద్దాం. ఆ 25 వేలలో మూల వేతనం 12,500 అనుకోండి. యాజమాన్యం కట్టే పి.ఎఫ్. 12 శాతం, అంటే 1,500 అందులోనే కలిపి ఉంటుంది. గ్రాట్యుటీ పేరుతో మరో 600 కలుపుతారు. మిగిలేది 22,900. అందులోంచి మన వాటా పి.ఎఫ్. 1,500 పోతే 21,400. పనితీరును బట్టి ఇచ్చే బోనసు అని ఏడాదికి 24 వేలు కలిపి ఉంటే ఇంకో రెండు వేలు తగ్గుతుంది, అది వస్తుందో రాదో తెలియదు. బస్సుకు, క్యాంటీనుకు కోత ఉంటే ఇంకా తగ్గుతుంది. పి.ఎఫ్. మన డబ్బే, దాన్ని నష్టంగా చూడకండి. కానీ దేవనహళ్ళిలో గది అద్దె కట్టేది చేతికి వచ్చిన దాంతోనే. కాబట్టి సి.టి.సి. ఎంత అని కాదు, చేతికి ఎంత అని అడగండి.

మూడో ప్రశ్నకు ఇంకో ఉదాహరణ ఉంది. 2022లో కళాశాలల్లో ఎంపికైన చాలామంది ఇంజనీరింగు పిల్లలను ఇన్ఫోసిస్ సంస్థ రెండేళ్ళు ఆగి 2024లో చేర్చుకుంది. 2025 ఫిబ్రవరిలో మైసూరు శిక్షణ కేంద్రం నుంచి 300 మందికి పైగా శిక్షణార్థులను పరీక్షల్లో ఉత్తీర్ణులు కాలేదని పంపేసింది. కార్మిక శాఖ దాకా ఫిర్యాదులు వెళ్ళాయి. ఇంత పెద్ద పేరున్న చోట కూడా ఆఫర్ లెటర్ వేరు, ఉద్యోగం వేరు అని తేలింది. ఆఫర్ లెటర్ రాగానే వెతకడం మానేయవద్దు. చేరే తేదీ లేని ఆఫర్‌ను నమ్ముకుని ఏడాదులు కూర్చోవద్దు. శిక్షణ ఎన్ని నెలలు, పరీక్ష ఎన్నిసార్లు రాయనిస్తారు, తప్పితే ఏమవుతుంది అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

నాలుగో ప్రశ్న బాండు. బాండ్లు కోర్టులో చెల్లవని ఎవరో అన్నారని సంతకం చేసేవాళ్ళు ఉన్నారు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలనే షరతును సమర్థించింది. కాబట్టి చదవకుండా సంతకం చేయవద్దు. అసలు సర్టిఫికెట్లు ఎవరికీ ఇచ్చి రావద్దు. చూపించండి, నకళ్ళు ఇవ్వండి, అసలువి ఇంటికి తెచ్చుకోండి. ఇక ఉద్యోగం కోసం రిజిస్ట్రేషను అనో, యూనిఫాం అనో, విమానాశ్రయం పాసు అనో ముందుగా డబ్బు అడిగినవాడు జాబరుకు తమ్ముడే. నగలు కుదువ పెట్టి అలాంటి చోట డబ్బు కట్టవద్దని తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాము.

మరి ఉద్యోగాలు ఎక్కడ వెతకాలి? కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉందో లేదో చూడనిదే ఏ ప్రకటననూ నమ్మవద్దు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ 2015 నుంచి ఉంది. నమోదుకు డబ్బు అక్కర్లేదు. డిప్లొమా, డిగ్రీ పిల్లలకు అప్రెంటిస్‌షిప్ చాలా ముఖ్యమైన దారి. దీన్ని మనవాళ్ళు చిన్నచూపు చూస్తున్నారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2019 నియమాలు డిప్లొమా వారికి నెలకు కనీసం 8 వేలు, డిగ్రీ వారికి 9 వేలు స్టైపెండుగా నిర్ణయించాయి. ఒప్పందం రాసే రోజున అమల్లో ఉన్న రేటు ఎంతో ప్రభుత్వ పోర్టల్‌లో చూసుకోండి. ఇందులో లోపం కూడా చెప్పాలి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాడు, పి.ఎఫ్. ఉండదు, తర్వాత ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం యాజమాన్యానికి లేదు. కొన్నిచోట్ల అప్రెంటిస్ పేరుతో ఉత్పత్తి పని చేయించుకుని పంపేస్తారు. అందుకే ఒప్పందం పోర్టల్‌లో నమోదైందా, చివర సర్టిఫికెట్టు వస్తుందా అన్నవి చూసుకుని చేరాలి. అప్పుడు ఆ ఏడాది వృథా కాదు. అనుభవం ఉందా అని అడిగే ప్రతి చోటా చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

ఇంకొక దారి మన కళ్ళ ముందే ఉండి కూడా మనకు కనిపించడం లేదు. మిల్లులో, గార్మెంటు ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చునే ఉద్యోగాలే ఉన్నాయని మన పిల్లలు అనుకుంటారు. అద్దకం యూనిట్లో నీటి శుద్ధి ప్లాంటుకు, ల్యాబుకు బి.ఎస్.సి. కెమిస్ట్రీ చదివినవారు కావాలి. పీసుకు ఎన్ని నిమిషాలు అని లెక్క కట్టే ఐ.ఇ. విభాగానికి, క్వాలిటీ విభాగానికి, ప్యాటర్ను గీసే కంప్యూటరుకు, కొనుగోలుదారులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే మర్చండైజింగుకు చదువుకున్నవారు కావాలి. బెంగుళూరులో 1938లో స్థాపించిన కృష్ణరాజేంద్ర సిల్వర్ జూబ్లీ సాంకేతిక సంస్థలో టెక్స్‌టైల్ టెక్నాలజీ చెబుతారు. అమ్మ చేసే పని ఏమిటో, టార్గెట్టు పెంచితే మెడ, వెన్ను ఎలా నొప్పి పెడతాయో తెలిసిన అమ్మాయి ఐ.ఇ. విభాగంలో కూర్చుంటే స్టాప్‌వాచ్ పట్టుకునే చేతికి కాస్త న్యాయం తెలిసి ఉంటుంది. మన పిల్లలు మిల్లు నుంచి పారిపోనవసరం లేదు, దాని ఆఫీసులోకి కూడా వెళ్ళవచ్చు.

ఇక దరఖాస్తు. ఒక పేజీ చాలు. ఇంటర్నెట్టులో దొరికిన పెద్ద పెద్ద మాటలు ఎత్తి రాయవద్దు. చాలా కంపెనీల్లో మొదట కంప్యూటరే దరఖాస్తులు వడపోస్తుంది. ప్రకటనలో అడిగిన పని మీకు నిజంగా వస్తే దాని పేరు అదే మాటతో రాయండి. చేసిన పనిని అంకెలతో చెప్పండి. నాన్న మగ్గాల లెక్కలు రెండేళ్ళు రాసిన అబ్బాయి ఎన్ని మగ్గాలు, నెలకు ఎంత నూలు, ఎంత చీర అని రాయాలి. సెలవుల్లో కుట్టుమిషన్లు బాగుచేసిన డిప్లొమా అబ్బాయి అదే రాయాలి. పని చేసిన ఇంట్లో పుట్టడం దాచుకోవలసిన విషయం కాదు. ఇంటర్వ్యూకు ముందు ఇంట్లోనే ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగైదుసార్లు చెప్పి చూసుకోండి. కన్నడం మాట్లాడడంతో ఆగకుండా చదవడం, రాయడం కూడా నేర్చుకోండి. ఈ నేల మీద బ్రతుకుతున్నాం, ఇక్కడి భాష రావడం మర్యాద మాత్రమే కాదు, సగం అర్హత కూడా. ఇంగ్లీషు గొప్పగా అక్కర్లేదు, పని గురించి తడబడకుండా చెప్పగలిగితే చాలు.

కృత్రిమ మేధ గురించి కూడా పిల్లలు అడుగుతున్నారు. డేటా ఎంట్రీ, బిల్లుల పరిశీలన, చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం వంటి మొదటి మెట్టు పనుల్ని యంత్రం చేయగలుగుతోంది. పవర్‌లూం వచ్చినప్పుడు చేనేత కార్మికుడు పడ్డ కష్టం మన ఇళ్ళలో అందరికీ తెలుసు. యంత్రాన్ని తిట్టి లాభం లేదు, దాని లాభం ఎవరికి పోతోందన్నది అడగాలి. పిల్లలు ఆ పరికరాన్ని నేర్చుకోవాలి. అదే సమయంలో యంత్రం దగ్గర నిలబడి తేడా పట్టుకునే పని, బాగుచేసే పని, నలుగురితో మాట్లాడి నడిపించే పని ఉన్న ఉద్యోగాల వైపు చూడాలి.

ఉద్యోగం వెంటనే దొరకదు. ఆ నెలల్లో ఇంట్లో పిల్లల్ని పొడవవద్దని పెద్దలను వేడుకుంటున్నాము. ఎదురింటి అబ్బాయితో పోల్చవద్దు. కర్ణాటక ప్రభుత్వం 2024 జనవరి 12న శివమొగ్గలో ప్రారంభించిన యువనిధి పథకం కింద, 2022-23 విద్యా సంవత్సరంలోనూ తర్వాతా ఉత్తీర్ణులై 180 రోజులైనా ఉద్యోగం దొరకనివారిలో డిగ్రీ వారికి నెలకు 3 వేలు, డిప్లొమా వారికి 1,500 చొప్పున రెండేళ్ళ దాకా ఇచ్చేలా ప్రకటించారు. ఆరేళ్ళు కర్ణాటకలో చదివిన మన తెలుగు పిల్లలకు కూడా అర్హత ఉంటుంది. బస్సు ఛార్జీలకు, దరఖాస్తులకు ఆ డబ్బు పనికొస్తుంది. ఆడపిల్లల విషయంలో ఒక మాట. రాత్రి షిఫ్టు అనగానే వద్దనేయకుండా, ఇంటి దాకా వాహనం ఇస్తారా, ఆ సంగతి రాసి ఇస్తారా అని అడగమనండి. రాసి ఇచ్చేచోట పంపండి.

చివరిగా అసలు మాట. పెద్దింటి పిల్లలకు కంపెనీలో మేనమామ ఉంటాడు. మన పిల్లలకు లేడు. కానీ ఈ చుట్టుపక్కల ప్రతి గేటు లోపలా మనవాళ్ళు ఉన్నారు. డ్రైవరుగా, క్యాంటీన్‌లో, సెక్యూరిటీలో, హౌస్‌కీపింగులో, మెకానిక్‌గా ఉన్నారు. ఏ చోట కొత్త లైను వేస్తున్నారో, ఏ ఏజెన్సీ జీతం సరిగా ఇస్తుందో, ఏది ఎగ్గొడుతుందో మనకు తెలిసినంతగా ఏ వెబ్‌సైటుకూ తెలియదు. ఆ సమాచారం ఒకరికొకరం చెప్పుకోకపోవడం వల్ల ఒకే ఏజెన్సీ చేతిలో ఒకరి తర్వాత ఒకరు మోసపోతున్నారు.

2016 ఏప్రిల్‌లో బెంగుళూరు గార్మెంటు అక్కలు వేలమంది రోడ్డెక్కితే, పి.ఎఫ్. డబ్బు తీసుకోవడం మీద పెట్టిన ఆంక్షల్ని కేంద్రం ఏప్రిల్ 19న వెనక్కి తీసుకుంది. ఒక్కొక్కరుగా అడిగి ఉంటే ఎవరూ వినేవారు కాదు. పి.ఎఫ్. సొంత ఖాతా అయినా పోరాటం అందరిదీ అయింది. ఉద్యోగం వెతకడం కూడా అటువంటిదే. కంప్యూటరు ఉద్యోగులు కూడా ఇది గ్రహించి 2017లో కర్ణాటకలో తమ యూనియన్ పెట్టుకున్నారు.

అందుచేత మూడు పనులు మొదలుపెడదామని కమిటీ నిర్ణయించింది. యూనియన్ ఆఫీసులో ఒక పుస్తకం పెడుతున్నాము. ఎక్కడ ఖాళీ ఉంది, ఏ పేరు మీద లెటర్ ఇస్తున్నారు, చేతికి ఎంత వస్తోంది అన్నది తెలిసినవారు అందులో రాయాలి. ఆదివారం ఉదయం ఇద్దరు సభ్యులు కూర్చుంటారు. సంతకం చేయబోయే ఏ కాగితమైనా అక్కడికి తెచ్చి చదివించుకోవచ్చు. ఉద్యోగంలో చేరిన ప్రతి పిల్లవాడూ, పిల్లా మొదటి జీతం వచ్చాక ఒకసారి వచ్చి, చెప్పింది ఎంత, వచ్చింది ఎంత అని ఆ పుస్తకంలో రాసి వెళ్ళాలి. ఆ ఒక్క గీత తర్వాత వచ్చేవారికి దారి చూపుతుంది.

 వచ్చే ఆదివారం ఆఫీసు తలుపు తొమ్మిది గంటలకే తెరిచి ఉంటుంది. పిల్లల్ని, వాళ్ళ కాగితాల్ని తీసుకుని రండి.